నల్లపూసల్లో ఓడ బిళ్లలు

సమాధుల పండుగ నాడు మా సంఘంలో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే ప్రతి కుటుంబం తమవాళ్ల సమాధికి సున్నం వేసి, బంతిపూలు పరిచి, కొవ్వొత్తి ముట్టించి పక్కన నిలబడుతుంది. పాస్టరు అయ్యగారు వరుసగా వస్తారు. రాతి మీద ఉన్న పేరు గట్టిగా చదివి, చిన్న ప్రార్థన చేసి, పక్క సమాధికి వెళతారు. రాయి లేకపోతే పేరు చదవరు. రాయి రక్తసంబంధులే పెట్టాలి. లోకాంతాన కడబూర మోగిననాడు ప్రభువు పేరు పెట్టి పిలుస్తాడు గనుక, ఆ పిలుపుకు చెవులు అలవాటు పడాలని మా పాత పాస్టరు ఒకరు దీన్ని మొదలుపెట్టారట. తర్వాత ఎవరూ మార్చలేదు.

ఆ పిలుపు తన తండ్రికి దక్కాలని పెద్దమ్మ ఆశపడింది. ఆమె ఆశ అంతే.

పెద్దమ్మ నాకు చుట్టం కాదు. సంఘమంతా ఆమెను అలాగే పిలిచేది. డెబ్బైకి దగ్గరపడిన మనిషి. భర్త పోయి చాలా కాలం, పిల్లలు లేరు. రెండు వేల సంవత్సరం దాటి మూడు నాలుగేళ్లయిన రోజులవి. నేను చండ్రుగొండ దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని, సంఘంలో స్త్రీల సమాజానికి కార్యదర్శిని. సంఘానికి వచ్చే ఇంగ్లీషు కాగితాలన్నీ నా చేతి మీదుగానే నడిచేవి. అందుకే ఆమె నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కొత్తగూడెం దవాఖానాలో డాక్టరు ఆమె గుండె చూసి మెట్లెక్కొద్దని చెప్పాడట. ఆమె మా ఇంటి మెట్లు ఎక్కలేక, కిందనే బండ మీద కూర్చుని నన్ను పిలిపించింది.

"మా నాయన పేరు ఒక్కపారి సదివియ్యుండ్రి టీచరమ్మా" అంది. "అమ్మ పక్కన జాగ ఉన్నది. రాయి నేను పెట్టిస్త. అయ్యగారు ఒక్కపారి సదివితే సాలు. తర్వాత నేను పోయినా బాధ లేదు."

ఆమె తండ్రి కొత్తగూడెంలో బొగ్గు బాయి పనిలో ఉండేవాడు. ఆమెకు నాలుగైదేళ్లప్పుడు, పెద్ద యుద్ధం నడుస్తుండగా, బాయి విడిచి మిలిటరీలో చేరాడు. రెండేళ్ల తర్వాత ఎవరో ఒక మనిషి వచ్చి, అతను సముద్రంలో ఓడతో సహా మునిగిపోయాడని చెప్పి, గుడ్డలో కట్టిన రెండు లోహపు బిళ్లలు ఆమె తల్లి చేతిలో పెట్టి వెళ్లాడు. ఇంట్లో తెలిసింది అంతే.

ఆ తల్లి చేసిన పని మా సంఘంలో ముసలివాళ్లు అప్పటికీ చెప్పుకునేవారు. కరువులో బంగారు పుస్తెలు ఎప్పుడో పోయాయి. ఆమె ఆ రెండు బిళ్లలకున్న తూట్లలోంచి దారం దూర్చి, అటూ ఇటూ నల్లపూసలు గుచ్చి మెడలో వేసుకుంది. పుస్తెలూ రెండే, బిళ్లలూ రెండే. భర్త పోయాడన్న కబురు తెచ్చిన వాటినే పుస్తెలుగా కట్టుకోవడం సంఘంలో ఆడవాళ్లకు నచ్చలేదు. మొగుడు పోయినా పుస్తెల సోకు పోలేదని బావి దగ్గర ఆమె వినేటట్టే అనేవారట. ఆమె బదులు చెప్పేది కాదు. తియ్యమంటే తియ్యలేదు. ఇరవై ఏళ్ల పైన వాటితోనే తిరిగి, వాటితోనే చచ్చిపోయింది.

శవానికి స్నానం చేయించేటప్పుడు మళ్లీ ఆ మాట వచ్చింది. ముత్తైదువ అయితే పుస్తెలతోనే పెట్టెలో పెడతారు, విధవకు అది లేదు. మావాళ్లు ఎన్ని వాక్యాలు నేర్చుకున్నా ఇది మాత్రం వదల్లేదు. కూతురు తనే బ్లేడు తీసుకుని తల్లి మెడలో దారం కోసింది. బిళ్లలు దాచుకుంది.

వాటినే ఇప్పుడు పౌడరు డబ్బాలో పెట్టి నా దగ్గరకు తెచ్చింది.

నేను కమిటీలో మాట పెట్టాను. మా సంఘపెద్ద కఠినమైన మనిషి. బొగ్గు బాయిలో సూపర్‌వైజరుగా చేసి రిటైరైనవాడు. చావు కాగితం లేకుండా రాయి పెట్టే పద్ధతి లేదన్నాడు. "రేపు ఆయన నడుసుకుంట వస్తే రాయి పీకాల్నా?" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దమ్మ గుమ్మం దగ్గర కూర్చుని ఉంది. ఆమె కూడా మర్యాదకు నవ్వింది. కాగితం నేను తెప్పిస్తానని ఆ మీటింగులోనే మాటిచ్చాను.

బిళ్లలను చింతపండుతో తోమాను. ఒంటికి ఆనిన వైపు అక్షరాలు చెమటకు, నూనెకు అరిగిపోయాయి. బయటి వైపు నయం. పిల్లలు రూపాయి బిళ్ల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దినట్టు రుద్దాను. ఒకదాని మీద పేరు సగం, రెండోదాని మీద నంబరు మొత్తం వచ్చాయి. నంబరు చివర మతాన్ని తెలిపే అక్షరం ఉంది. క్రైస్తవుడని.

ఆ అక్షరం చూసి నా ఒళ్లు పులకరించింది. తర్వాతి ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచి నిలబడ్డాను. మన సంఘపు బిడ్డ ఒకడు సముద్రం నడుమ, మృత్యువు ముందు కూడా, తన విశ్వాసాన్ని మెడలో వేసుకుని ఉన్నాడని చెప్పాను. మనం బస్సులో బైబిలు బయటికి తియ్యడానికి సిగ్గుపడుతున్నామని కూడా చెప్పాను. చాలామంది ఏడ్చారు. పెద్దమ్మ అందరి మధ్య తల పైకెత్తుకుని కూర్చుంది. ఆమెను అలా నేను అంతకుముందు చూడలేదు.

ముందు మిలిటరీ రికార్డుల ఆఫీసుకు రాశాను. మూడు నెలలకు జవాబు వచ్చింది. ఈ నంబరు సైనికులది కాదు, మా దగ్గర ఇటువంటి మనిషి లేడు అని. ఆయన మిలిటరీ అని ఇంట్లోవాళ్లు, ఊరు, నేను అందరం నమ్మాం. యుద్ధానికి పోయినవాడు సిపాయి కాక ఇంకేమవుతాడు అనుకున్నాం.

అసలు సంగతి శ్రమల కాలంలో జరిగిన మా ఉజ్జీవ సభల్లో తెలిసింది. విశాఖపట్నం నుంచి ప్రసంగీకుడితో పాటు ఒక ముసలి విశ్వాసి వచ్చాడు. నలభై ఏళ్లు సరుకుల ఓడల్లో పనిచేసినవాడు. భోజనాల పందిట్లో నేను ఆయనకు బిళ్లలు చూపించాను. పెద్దమ్మ పక్కనే విస్తరి ముందు కూర్చుని ఉంది.

ఆయన అద్దాలు పెట్టుకుని చూసి, ఇది సిపాయిది కాదు, సరుకుల ఓడ మనిషిది అన్నాడు. యుద్ధంలో ఓడలన్నీ బొగ్గుతో నడిచేవని, కొలిమి దగ్గర బొగ్గు ఎత్తడానికి మనుషులు దొరక్క, బొగ్గు బాయిల్లో పని తెలిసినవాళ్లు వస్తే వెంటనే ఎక్కించుకునేవాళ్లని చెప్పాడు. అలా అయితే ఆయన భూమి కింద తవ్విన బొగ్గునే నీళ్ల మీద ఎత్తి ఉంటాడు. ఇంతవరకు చెప్పి ఆయన రెండు బిళ్లలూ అరచేతిలో పక్కపక్కన పెట్టుకున్నాడు.

"రెండూ మీకాడే ఉన్నాయేటి?" అన్నాడు.

"అవ్, రెండున్నయి" అంది పెద్దమ్మ గర్వంగా.

"మనిషి పోతే ఒకటి శవంతో పోద్దమ్మా. ఒకటి తీసి ఇంటికి పంపుతారు. అందుకే రెండిస్తారు."

"మా నాయన నీళ్లల్ల పోయిండయ్యా. శవం యాడిది?"

ఆయన అన్నం కలపడం మొదలుపెట్టాడు. ఒక ముద్ద తిన్నాక నెమ్మదిగా అన్నాడు. "నీళ్లలో పోతే రెండూ నీళ్లలోనే పోతాయి గదమ్మా."

పెద్దమ్మ చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. ఆమెకు అర్థమైంది. నాకూ అర్థమైంది. రెండూ ఇంటికి వచ్చాయంటే వాటిని మెడలోంచి తీసి పంపిన మనిషి బతికే ఉన్నాడు.

ఆ సాయంత్రం సభ మొదలవకముందే ఆమె నా కొంగు పట్టుకుంది. "పోనియ్యి టీచరమ్మా. ఇంక రాయొద్దు. రాయి లేకున్నా సరే, పేరు సదవకున్నా సరే. గట్లనే ఉండనియ్యి" అంది. ఆమె చెయ్యి చల్లగా ఉంది.

నేను ఆగాల్సింది. నేను బలిపీఠం ముందు నిలబడి సాక్ష్యం చెప్పిన మనిషిని. అది అబద్ధమైతే దేవుని సన్నిధిలో అబద్ధమాడినదాన్ని అవుతాను. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు. మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేశాను. నాలుగో రోజు, ఆ ముసలాయన రైలెక్కేముందు, నంబరు, పేరు కాగితం మీద రాసి ఇచ్చాను. విశాఖపట్నం రేవులో ఓడ మనుషుల రికార్డులు ఉండే ఆఫీసులో ఆయనకు తెలిసినవాళ్లున్నారు. పెద్దమ్మకు చెప్పలేదు. బిళ్లలు నా బీరువాలోనే ఉన్నాయి.

వానాకాలం నడుమ జవాబు వచ్చింది. ముసలాయన ఉత్తరం, ఆఫీసువాళ్లు రాసిచ్చిన కాగితం. ఓడ మునిగిన మాట నిజమే. ఈ నంబరు మనిషి తెప్ప పట్టుకుని బతికి బయటపడ్డాడు. యుద్ధం అయ్యాక కూడా చాలా ఏళ్లు ఓడల మీదే ఉండి, ఆ రేవులోనే ఇల్లు కట్టుకుని, అక్కడే జబ్బు చేసి చచ్చిపోయాడు. అక్కడి క్రైస్తవుల సమాధుల్లో అతనికి మంచి రాయి ఉంది. రికార్డులో భార్య పేరు, ఇద్దరు కొడుకుల పేర్లు ఉన్నాయి. అవి మా ఊరివాళ్ల పేర్లు కావు.

అయ్యగారు వయసులో నాకంటే చిన్నవాడు, మెత్తనివాడు. ముందు మనమిద్దరం ఆమె ఇంటికి వెళ్లి నెమ్మదిగా చెబుదామన్నారు. అందరి ముందు చెప్పిన సాక్ష్యాన్ని అందరి ముందే దిద్దుకోవాలని నేను వాదించాను. దాచిపెట్టిన పాపం గురించి ఆయనకే వాక్యాలు చూపించాను. ఆయన సరేనని తలూపారు.

గురువారం స్త్రీల కూడికలో కాగితం తెలుగులో చదివాను. ఒక్క మాట కూడా వదలకుండా చదివాను. భార్య పేరు చదివినచోట ఎవరో నాలుక చప్పరించారు. ఇన్నాళ్లూ విశ్వాసవీరుడన్నాం, ఊరి మీద పడి తిరిగినోడేనా అని వెనక నుంచి ఒకామె అంది. నేను వద్దనలేదు. పెద్దమ్మ చాప మీద కదలకుండా కూర్చుని ఉంది. ఆమె ఏడుస్తుందనుకున్నాను, తండ్రిని తిడుతుందనుకున్నాను. ఆ రెండో ఆమె గురించి అడుగుతుందనుకున్నాను.

"మా అమ్మ పోయిననాడు ఆయన బతికే ఉండెనా?" అని అడిగింది.

నేను కాగితం చూశాను. తల్లి చనిపోయిన సంవత్సరం సమాధి రాతి మీద ఉంది, అది అందరికీ తెలుసు. లెక్క కట్టి చెప్పాను. "అవును. ఆమె పోయిన పదకొండేళ్లకు ఆయన పోయాడు."

"అయితే మా అమ్మ ముత్తైదువ" అంది. కొంచెంసేపు తన చేతుల వంక చూసుకుంది. "అమ్మకు ఎరికే. అందుకే తియ్యలే. నేనే కోసిన. బోసి మెడతోని పంపిన."

నేను ముగింపు ప్రార్థన చేశాను. సత్యాన్ని బయలుపరచినందుకు దేవునికి స్తోత్రం చెప్పాను. ఆ ప్రార్థనలో ప్రతి మాటా నాకు ఇప్పటికీ గుర్తుంది.

తర్వాత పనులన్నీ క్రమపద్ధతిలో జరిగాయి. ఆమె తల్లి సమాధి రాతి మీద పేరు కింద, సముద్రంలో ప్రాణమర్పించిన వాని భార్య అని ఒక వరుస చెక్కి ఉండేది. సమాధులున్న దేవుని తోటలో అబద్ధం నిలబడకూడదని కమిటీ తీర్మానించింది. మేస్త్రీ వచ్చి ఉలితో ఆ వరుస చెక్కేశాడు. పెద్దమ్మ చింతచెట్టు కింద కూర్చుని చూసింది. మేస్త్రీ మధ్యలో ఆగి, భార్య అన్న మాటైనా ఉంచాల్నా అని అడిగితే, ఎవరి భార్యో లేకుండా ఆ మాట ఎందుకని సంఘపెద్ద అన్నాడు. అదీ పోయింది.

ఆ రోజే ఆమె బిళ్లలు అడిగింది. తల్లి సమాధిలో, మెడ ఉండేచోట గడ్డపారతో చిన్న గుంట తీసి, అందులో పెడతానంది. పెట్టె దాకా తవ్వాల్సిన పని లేదు, మట్టిలో పెడితే చాలంది. సమాధిలో తాయెత్తులు పాతిపెట్టేది అన్యుల ఆచారం, ఇవాళ ఈమెను ఒప్పుకుంటే రేపు ఒకడు కోడిని తెస్తాడు అన్నాడు సంఘపెద్ద. నన్ను చూశాడు. వాక్యానుసారంగా ఆయన చెప్పింది సరైనదేనని నేను అన్నాను. ఇప్పుడు అడిగినా వాక్యం మార్చి చెప్పలేను. కానీ ఆ బిళ్లలు ఆమెవని, నా బీరువా తాళం తీసి ఆమె చేతిలో పెట్టడానికి ఏ వాక్యమూ అడ్డం లేదని అప్పుడు నాకు తట్టలేదు.

ఇంకో నెలకు రేవు నుంచి ఉత్తరం వచ్చింది. పెద్దమ్మ తండ్రి పెద్దకొడుకు రాశాడు. ఆఫీసులో వాకబు చేస్తున్న సంగతి ముసలాయన ద్వారా తెలిసిందట. చాలా వినయమైన ఉత్తరం. తమ తండ్రి యుద్ధకాలపు బిళ్లలు ఓడతో పాటు మునిగిపోయాయని చెప్పేవాడని, అవి ఇంకా ఉన్నాయని తెలిసి ఇల్లంతా సంతోషించిందని, దయచేసి పంపమని రాశాడు. అడుగున బైబిలు వాక్యం సంఖ్య కూడా వేశాడు.

కమిటీలో పెద్దగా చర్చ జరగలేదు. రికార్డులో కొడుకుల పేర్లు ఉన్నాయి, పెద్దమ్మ పేరు లేదు. కాగితం ప్రకారం ఆమె ఆయన కూతురు కాదు. అయ్యగారు ఆమెనొకసారి అడుగుదామన్నారు. సంఘపెద్ద అన్నాడు, "అడిగితే ఏడుస్తది. ఏడిస్తే మనకే పాపం. పంపుండ్రి." బిళ్లలను నేనే దూదిలో చుట్టాను. స్కూలు నుంచి వస్తూ జూలూరుపాడులో రిజిస్టరు పోస్టు చేశాను. అడ్రసు నా దస్తూరీలోనే ఉంది. రసీదు తెచ్చి ఫైల్లో పెట్టాను.

అది పోయిన నాలుగో రోజో అయిదో రోజో పెద్దమ్మ మళ్లీ వచ్చి మా మెట్ల కింద బండ మీద కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది. అయినా ఆ రోజు ఏదో పరిష్కారం దొరికినదానిలా తేటగా మాట్లాడింది.

"నేను మంచిగ ఆలోచన చేసిన టీచరమ్మా. ఆ ఓడ మనిషి ఏమన్నడు? ఒకటి మనిషితోని పోతది, ఒకటి ఇంటికి పోతది అన్నడా లేదా? నాయన అక్కడ పండుకున్నడు. ఆయనది ఒకటి వాళ్లకియ్యి. వాళ్లు సుత ఆయన పిల్లలే గదా, నాకు కోపం లేదు. ఒకటి మాత్రం మా అమ్మకియ్యి. ఇల్లు ఆమెదే గదా."

ఆమె అడిగినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మేమందరం కూర్చుని, బైబిలు తెరుచుకుని, ఇన్ని తీర్మానాలు చేసినా మాకెవరికీ రాని తీర్పు అది.

"రెండూ పోస్టు చేశాను పెద్దమ్మా" అన్నాను.

ఆమె నా వంక చూసింది. "రెండూనా?"

"రెండూ."

"మా నాయన బొగ్గు బాయిలకెల్లి ఓడ దాక పోయి రెండు బిళ్లలు పంపిండు" అంది. "నువ్వు జూలూరుపాడు దాక పోయి రెండు పంపినవ్. ఆయనే నయం. ఆయన మాకు పంపిండు."

కాసేపటికి రసీదు ఉందా అని అడిగింది. లోపలికి వెళ్లి తెచ్చి చూపించాను. ఆమెకు చదువు రాదు. పైకెత్తి వెలుతురుకు పెట్టి చూసింది, బిళ్లలు అందులోంచి కనిపిస్తాయేమో అన్నట్టు. గిదన్న నాకియ్యి, అమ్మ కాడ పెడ్త అంది. అది సంఘం ఫైల్లో ఉండాల్సిన కాగితం అని చెప్పి తీసుకున్నాను.

ఆ ఏడు సమాధుల పండుగకు ఆమె రాలేకపోయింది. ఆమె తల్లి సమాధికి సున్నం మేమే వేశాం. ఉలి దెబ్బలు పడ్డచోట సున్నం పట్టక గరుకుగా నిలిచింది. అయ్యగారు ఒక్క పేరు చదివారు, దాని కింద చదవడానికి ఏమీ లేదు.

క్రిస్మస్‌కు రెండు వారాల ముందు పెద్దమ్మ పోయింది. స్త్రీల సమాజం తరపున నేనూ, ఇంకో ఇద్దరూ వెళ్లి నీళ్లు పోశాం. చీర కట్టేటప్పుడు ఒకామె అలవాటు కొద్దీ, మెడల ఏమన్నా ఉన్నయా అక్కా, తియ్యాల్నా అని అడిగింది. ఏమీ లేవన్నాను.

తల్లి పక్కన ఖాళీగా ఉన్న జాగాలో ఆమెను పెట్టారు. తండ్రి రాయి కోసం ఆమె అడిగిన జాగా అది. ఆమెకు రాయి పెట్టే రక్తసంబంధులు ఊళ్లో లేరు. రేవులో ఉన్నవాళ్లకు నేను ఒక ఉత్తరం రాశాను. బిళ్లలు క్షేమంగా అందాయని, ఫ్రేము కట్టించి తండ్రి ఫొటో పక్కన పెట్టుకున్నామని జవాబు వచ్చింది. అక్కకు రాయి పెట్టించమని నేను రాసిన సంగతి గురించి అందులో ఏమీ లేదు.

ఇప్పటికీ పండుగ నాడు అయ్యగారు ఆ వరుసలో వస్తారు. తల్లి పేరు చదువుతారు. పక్కనున్న మట్టి దిబ్బను దాటి, ఆ తర్వాతి రాయి దగ్గర ఆగుతారు. నేను మావాళ్ల సమాధి దగ్గర కొవ్వొత్తి పట్టుకుని, మా వంతు వచ్చేదాకా నిలబడి ఉంటాను.